సంతోషానికి సరితూకం

ఆ ఆదివారం సత్సంగం నుంచి స్కూటరు మీద ఇంటికి వస్తూ నేనొక జోకు వేశాను. నాన్న నవ్వలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

నాన్న నవ్విందీ లేనిదీ ముఖం చూడకుండానే నాకు తెలిసేది. వెనక కూర్చున్నప్పుడు నా చేతులు నాన్న పొట్ట చుట్టూ ఉండేవి. నవ్వితే ఆ పొట్ట ఎగిరేది. "దోమకి జంట దోమల బత్తి అయితే, మధ్యలో ఉండే దేవుడు పొగేనా నాన్నా?" అని అడిగాను. మామూలుగా అయితే స్కూటరు పక్కకి ఆపి మరీ నవ్వాల్సిన మాట అది. నా చేతుల కింద ఏమీ కదల్లేదు. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు మాత్రం ఒక చేత్తో నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. అంత గట్టిగా ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఇవాళ ఇది గుర్తు రావడానికి కారణం మా అమ్మాయి ఫుట్‌బాల్ టీచరు పంపిన మెసేజి. అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూలు జట్టులోకి తీసుకున్నారట. జైపూర్‌లో నాలుగు రోజుల పోటీలు. పంపుతారో లేదో రేపు పొద్దున ఎనిమిదిలోపు చెప్పమన్నారు. అది చదువుతుండగా లోపలి గదిలో మా చిన్నాడు దగ్గాడు. చలికాలం మొదట్లో ఈ పొగకి నోయిడాలో దగ్గని పిల్లాడు ఉండడు. అయినా నా బొటనవేలు దానంతటదే ఒక జవాబు టైపు చేసింది. పంపలేదు. చెరపనూ లేదు. పిల్లలు నిద్రపోయారు, మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్లో లేరు. ఆ జవాబు ఇంకా ఫోనులో అలాగే ఉంది. అలాంటి జవాబు రాయడం నేనెక్కడ నేర్చుకున్నానో నాకు నేను చెప్పుకుందామని కూర్చున్నాను.

అప్పుడు మేము ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉండేవాళ్లం. మెట్రో ఇంకా రాలేదు. ఇప్పుడు మాల్ ఉన్నచోట, మా బాల్కనీకి ఎదురుగా, గోబీ పువ్వు పొలం ఉండేది. కోత అయిపోయాక ఆకులు కుళ్లి, సాయంత్రాలు ఆ వాసన తలుపు సందుల్లోంచి వంటింట్లోకి వచ్చేది. అమ్మ ఇంగువ ఎక్కువేసి పోపు పెట్టేది, వాసన మీద వాసన కప్పడానికి. పాల బూతులో టోకెన్ వేస్తే గొట్టంలోంచి పాలు ధారగా క్యానులో పడేవి. ఆ టోకెన్ వేసే హక్కు నాది. నాన్న ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. వారమంతా ఆఫీసులవాళ్లు నెలకింతని మాట్లాడుకున్న చార్టర్డ్ బస్సులో వెళ్లి వచ్చేవాడు. బస్సులో వెనక సీట్ల వాళ్లు ఒళ్లో బ్రీఫ్‌కేసు పెట్టుకుని దాని మీద పేకాట ఆడేవారు. స్కూటరు ఆదివారానికి మాత్రమే.

ఆదివారం సత్సంగం. చుట్టుపక్కల ఉన్న ఏడు తెలుగు కుటుంబాలూ ఒక అంకుల్ ఇంట్లో చేరేవి. వారమంతా హిందీలో కూరలు బేరమాడి, హిందీలో డాక్టరుకి జ్వరాలు చెప్పుకుని, హిందీలో పిల్లల్ని తిట్టి అలిసిపోయిన ఆడవాళ్లకి అక్కడ రెండు గంటలు తెలుగు దొరికేది. ఆ తెలుగు కోసం మా అమ్మ ఏ దేవుణ్ణయినా ఒప్పుకునేది.

ఆ అంకుల్ ఉద్యోగం వంతెనల నక్షాలు గీయడం. అందువల్లనేమో, దేవుణ్ణి కూడా స్కేలు పెట్టి గీసేవారు. గోడకి నల్లబోర్డు. దాని మీద ఎడమ వైపు వేడి, కుడి వైపు చలి. ఎడమ తీపి, కుడి చేదు. ఎడమ పుట్టుక, కుడి చావు. మధ్యలో నిలువుగా ఒక గీత. "లోకమంతా జంటలే. ఆ రెండిటి మధ్య గీత ఉందే, దానికి వెడల్పు లేదు. అదే దేవుడు," అనేవారు. సుద్దముక్కతో గీసిన గీతకి వేలెడు వెడల్పు కనిపిస్తూనే ఉండేది. మేం పిల్లలం ఆయనకి జంటల అంకుల్ అని పేరు పెట్టుకున్నాం.

మేం ఊరుకునేవాళ్లం కాదు. బంగాళాదుంపకి జంటేమిటని అడిగాం. కింద ఊరేదానికి పైన కాసేది జంట, కనుక వంకాయ అన్నారు. తడుముకోలేదు. కుర్చీకి? నిలబడటం. ఆదివారానికి? కొంచెం ఆలోచించి, మిగతా ఆరు రోజులూ అన్నారు. ప్రసాదంలో పరమాన్నం పెడితే వెంటనే కాకరకాయ వేపుడు కూడా తినాలి, తీపికి జంట కదా. మేం ఆ ముక్కల్ని ఎవరూ చూడకుండా కూలరు నీళ్ల తొట్టిలో వేసేవాళ్లం. మూడో వారానికి గదంతా కంపు. అంకుల్ కళ్లు మూసుకుని పీల్చి, దుర్గంధం వచ్చిందంటే దాని జంట సుగంధం ఎక్కడో దగ్గర్లోనే ఉందని అర్థం, ఎదురు చూడండి అన్నారు. పెద్దవాళ్లు ఎదురు చూశారు. మేం నోట్లో గుడ్డలు కుక్కుకున్నాం.

ఆ జోకులన్నీ దారిలో నాన్నతో చెప్పుకోవాలి. నాన్న కొత్తవి కలిపేవాడు. "మా సెక్షన్లో ఇద్దరు ఆఫీసర్లున్నారు అమ్మడూ. ఒకాయన దేని మీదైనా సంతకం పెడతాడు. రెండో ఆయన దేని మీదా పెట్టడు. మధ్యలో తిరిగే ఫైలు మన అంకుల్ చెప్పే దేవుడు. ఎటూ కదలదు, అందరూ దణ్ణం పెడతారు." నేను పడిపోతానేమో అన్నంతగా నవ్వేదాన్ని.

నవ్వు రానిది ఒకటి ఉండేది. దాన్ని సరితూకం అనేవారు. ఏ ఇంట్లోనైనా మంచి జరిగితే ఆదివారం వచ్చి బోర్డు ముందు చెప్పాలి. సంతోషం ఒంటరిగా ఉండదని, దాని జంట బయల్దేరి వస్తూనే ఉంటుందని అంకుల్ చెప్పేవారు. ఆ దుఃఖం తనకి నచ్చిన రూపంలో రాకముందే మనమే ఒక చిన్న దుఃఖాన్ని ఎంచుకుని తూకం సరిచేసుకోవాలి. ఏది వదులుకోవాలో అంకుల్ నిర్ణయిస్తారు. ఒక ఆంటీ కొత్త ఫ్రిజ్ కొంటే నలభై రోజులు చల్లనీళ్లు తాగొద్దన్నారు. ఆవిడ ఫ్రిజ్‌లో పప్పుల డబ్బాలు పెట్టుకుంది. ఇంకొకాయన కొడుక్కి ఇంజినీరింగ్ సీటు వస్తే మీసం తీసేయమన్నారు. మర్నాడు ఆయన ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు కార్డులో ఫోటో చూసి, మనిషిని చూసి, లోపలికి వదల్లేదు.

అందుకే నాన్నా నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. మన మంచి వార్తలు బోర్డు దాకా పోకూడదు. నాకు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినప్పుడల్లా నాన్న చార్టర్డ్ బస్సు దిగి, నన్ను మార్కెట్టు చివరికి తీసుకెళ్లి, వేడి జిలేబీ కొనిపెట్టేవాడు. అక్కడే తినేసి, మూతి రుమాలుతో తుడిచి ఇంటికి తెచ్చేవాడు. అమ్మకి తెలిస్తే ఆదివారం నోరు జారుతుంది. "బోర్డెక్కించామంటే కాకరకాయే," అనేవాడు నాన్న. మాకు అదొక ఆట. మా ఇంట్లో సంతోషం అంటే నాన్నా నేనూ దాచుకునే వస్తువు.

నాకు పదకొండేళ్లప్పుడు, ఆ వేసవిలో స్కూల్లో ఈత నేర్చుకున్నాను. నీళ్లలోకి దూకితే హిందీ లేదు, తెలుగు లేదు, ఎవరి మాటా వినిపించదు. ఒళ్లంతా క్లోరిన్ వాసనతో బస్సెక్కేదాన్ని. వానలు తగ్గాక కోచ్ సర్ కొందరిని ఢిల్లీలో పెద్ద స్టేడియంకి తీసుకెళ్లి పరీక్ష పెట్టించారు. అక్కడ ఎంపికైతే ఏడాది పొడవునా శిక్షణ. కప్పు ఉన్న కొలను, చలికాలంలోనూ వెచ్చటి నీళ్లు. నేను బాగా ఈదానని నాకే తెలిసింది. ఎంపికయ్యేట్టే ఉన్నానని సర్ అన్నట్టు నాన్నకి ఒక్కడికే చెప్పాను. ఆ రోజు రెండు జిలేబీలు ఎక్కువ కొన్నాడు. లిస్టు వచ్చేదాకా మన ఇద్దరి మధ్యే ఉంచమన్నాడు.

ఆ వారంలోనే తమ్ముడికి డెంగ్యూ వచ్చింది. వాడికి అయిదేళ్లు. అమ్మ వాడితో ఆసుపత్రిలో ఉండిపోయింది. నాన్న సాయంత్రం వచ్చి నాకు అన్నం కలిపి పెట్టి, మళ్లీ వెళ్లేవాడు. అన్నంలో ఒకరోజు ఉప్పుండేది కాదు, ఒకరోజు రెండుసార్లు ఉండేది. ప్లేట్‌లెట్లు అనే మాట అప్పుడే విన్నాను. రోజూ పడిపోతున్నాయనేవారు. పక్కింటి ఆంటీ అడిగితే నాన్న డాక్టరు మాట చెప్పాడు: ఈ రెండు రోజులే గండం, దాటితే వాటంతటవే పెరుగుతాయి. నేను విన్నాను. నాన్నే చెప్పాడు.

ఆ ఆదివారం నాన్న, నేను మాత్రమే సత్సంగానికి వెళ్లాం. అంకుల్ ఆ రోజు జంటలు గీయలేదు. నాన్నని ముందు కూర్చోబెట్టి మెల్లగా అన్నారు. "మీ ఇంట్లో తూకానికి రాని సంతోషం ఒకటి దాక్కుని ఉంది నాయనా. దాని జంట దారి తెలియక పసివాడి మీద పడింది. ఏం దాచారో గుర్తు తెచ్చుకో."

పిల్లల్ని పులిహోర తినమని బాల్కనీలోకి పంపేశారు. జాలీ తలుపులోంచి చూశాను. నాన్న తల వంచుకుని ఏదో చెబుతున్నాడు. అంకుల్ వింటున్నారు, కళ్లు మూసుకుని, ఆ కంపు పీల్చినప్పటి ముఖంతోనే. నాకు నవ్వొచ్చింది. నాన్న ఆయన్ని ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఆ ధైర్యంతోనే దారిలో దోమల బత్తి జోకు వేశాను.

మర్నాడు సాయంత్రం ప్లేట్‌లెట్లు పెరగడం మొదలైంది. డాక్టరు చెప్పిన రోజే. నాలుగు రోజులకి తమ్ముడు ఇంటికొచ్చాడు, మెడ సన్నబడి, తల పెద్దదిగా కనిపిస్తూ. నాన్న ఆ రోజు జిలేబీ ఇంటికే తెచ్చాడు, అందరికీ. పొట్లం విప్పుతూ నా వైపు చూడకుండా, "లిస్టు వచ్చిందట అమ్మడూ. నీ పేరు లేదు," అన్నాడు.

తమ్ముడి ముందు ఏడవకూడదని తింటూనే ఉన్నాను. నేను సరిగ్గా ఈదలేదేమో అనుకున్నాను. ఎక్కడ తప్పు చేశానా అని రోజూ మంచం మీద బోర్లా పడుకుని చేతులు ఆడించి చూసుకునేదాన్ని.

నెల తర్వాత స్కూల్లో కొలనులో నీళ్లు తీసేశారు. అడుగున నీలం పలకల మీద ఎండుటాకులు. కోచ్ సర్ అక్కడ నిలబడి ఉంటే ధైర్యం చేసి, ఆ పరీక్షలో అవతలి గట్టుకి నేను ఎంత ఆలస్యంగా చేరానని అడిగాను.

"ఆలస్యమా? తూ తో సెకండ్ ఆయీ థీ బేటా," అన్నారాయన. రెండో స్థానం నాదే. తర్వాత ఆయన గొంతు మారింది. నాన్న వచ్చి కాగితం రాసిచ్చి వెళ్లారట. అమ్మాయికి ఇష్టం లేదు, రానంటోంది అని. "మైనే సోచా, డర్ గయీ." నేను భయపడి మానుకున్నాననుకున్నారట. నా మీద కోపంతోనే ఇన్నాళ్లూ పలకరించలేదట.

నాన్న ఆ సాయంత్రం కూలరు విప్పుతున్నాడు. చలికాలం ముందు పక్కల గడ్డి తీసేసి, నీళ్లు ఒంపేసి, సంచి తొడిగి పెట్టేవాడు. బాల్కనీ అంతా తుప్పు, తడిగడ్డి వాసన.

"లిస్టులో నా పేరుందట నాన్నా."

లేదు అంటాడనుకున్నాను. అనలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నువ్వు ఆయన్ని నమ్మవు కదా."

"నమ్మను."

"మరి ఆయనకి ఎందుకు చెప్పావు?"

గడ్డి పీకుతున్న చేతులు ఆగాయి. "వాడు అక్కడ అలా పడుకుని ఉంటే, నమ్మకుండా ఉండే ధైర్యం నాకు లేకపోయిందే అమ్మడూ." మళ్లీ గడ్డి పీకుతూ, "తమ్ముడు లేచి తిరుగుతున్నాడుగా. నీకు సంతోషం కాదా?" అన్నాడు.

నా కోపానికి అడ్డంగా తమ్ముడి ప్రాణం పెట్టాడు నాన్న. దాన్ని తోసుకుని ముందుకి ఏ అక్క వస్తుంది? తలూపి లోపలికి వెళ్లిపోయాను. జంటల అంకుల్ మీద నాకు పెద్దగా కోపం రాలేదు. ఆయన ముందు నుంచీ అలాంటి మాటలే చెప్పేవారు. ఆయన్ని చూసి నాతో కలిసి నవ్విన మనిషి నన్ను పట్టిచ్చాడు. పైగా నాకే ఇష్టం లేదని నా నోటితో అన్నట్టు రాశాడు.

తర్వాత స్కూటరు మీద జోకులు లేవు. నాన్న ఒకటి రెండు ప్రయత్నించాడు. నేను వెనక సీటు చట్రం పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

ఏడాది తిరక్కుండా అంకుల్‌కి ఎన్నేళ్లుగానో కోరుకుంటున్న హైదరాబాద్ బదిలీ వచ్చింది. చివరి ఆదివారం మీసం పోగొట్టుకున్న ఆయన లేచి, ఇంత సంతోషానికి మరి మీరేం వదులుకుంటున్నారండీ అని అడిగారు. అంకుల్ అందరినీ ప్రేమగా చూసి, "మిమ్మల్నందరినీ వదులుకుంటున్నానుగా," అన్నారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను నాన్న వైపు చూశాను. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇప్పటికీ అదే ఫ్లాటులో ఉంటారు అమ్మా నాన్నా. నెలకి రెండుసార్లు మెట్రోలో మా ఇంటికి వస్తారు. నాన్న నా పిల్లలతో వెర్రి జోకులు వేస్తాడు, వాళ్లు పడీపడీ నవ్వుతారు, నేను కుక్కరు చూసుకుంటాను. ఈత మాట మా మధ్య మళ్లీ రాలేదు. తమ్ముడు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఆరడుగుల మనిషి. వాడికి ఇదేమీ తెలియదు. చెబితే తన ప్రాణం నాకు బాకీ అనుకుంటాడు. వాడి ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరిగాయి.

కాలేజీలో తర్కం చదువుకున్నాను. రెండు జరిగినంత మాత్రాన ఒకదాని వల్ల రెండోది జరిగినట్టు కాదని పరీక్షలో రెండు పేజీలు రాశాను. అదే నేను, అమ్మాయి మొదటి నడక వీడియో ఎవరికీ పంపలేదు. చిన్నాడు పుట్టినప్పుడు నర్సు బరువు చెప్పి బాగున్నాడంటే, ఆ మాట అనొద్దన్నాను. జ్వరం లేని పిల్లల నుదురు రోజుకి పదిసార్లు ముట్టుకుంటాను. మా ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వితే నా చెవులు తలుపు వైపు తిరుగుతాయి. నేను ఏ గీతకీ దణ్ణం పెట్టను. అయినా సంతోషం వస్తే ఇప్పటికీ మూతి తుడుచుకునే ఇంట్లోకి వస్తాను.

ఇవాళ సాయంత్రం ఫుట్‌బాల్ టీచరుకి నేను టైపు చేసిన జవాబు ఇది: "అమ్మాయికి వెళ్లడం ఇష్టం లేదు."

అమ్మాయి అప్పుడు స్నానాల గదిలో పాట పాడుకుంటోంది. నేను దాన్ని అడగనైనా లేదు.

ఇంతవరకు రాత్రి రాశాను. మిగిలింది పిల్లల బస్సు వెళ్లాక రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకి ఆ జవాబు చెరిపేసి, పంపుతున్నామని రాశాను. చిన్నాడు లేచి దగ్గాడు. బయట పొగమంచులో ఎదుటి టవరు కనిపించడం లేదు. ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి పాల గ్లాసులు ముందు పెట్టాను. జైపూర్ వెళ్తున్నావని చెప్పగానే అమ్మాయి కుర్చీలోంచి ఎగిరింది. "మై భీ జావూంగా," అని చిన్నాడు మొదలుపెట్టాడు, తనూ వెళ్తానని.

"నువ్వు వెళ్లవు. నీ దగ్గు ఈ పొగ వల్ల వచ్చింది," అని వాడితో అన్నాను. "అక్క ఊరెళ్లినా, ఇంట్లో ఉన్నా, అది తగ్గేటప్పుడే తగ్గుతుంది. నువ్వు బాగుండాలంటే అక్క ఏదీ మానుకోనక్కర్లేదు. తెలిసిందా?"

"మమ్మా, ఐసా కిస్నే బోలా?" అంది అమ్మాయి. అలా ఎవరన్నారని.

"ఎవరూ అనలేదు. నాకే అనిపించింది నిన్న." అది పాలు తాగడం ఆపి నా వైపు చూసింది. చెప్పాలనుకున్న అసలు మాట ఇంకా మిగిలే ఉంది. కింద బస్సు హారన్ వేసింది. బ్యాగు భుజానికి తగిలిస్తూ చెప్పాను.

"భయం వేస్తే నేను అబద్ధం చెబుతాను. ప్రేమ ఉండే చెబుతాను, అయినా అది అబద్ధమే. ఎప్పుడైనా నీ పేరు లిస్టులో లేదని నేను చెబితే, నన్ను నమ్మి ఊరుకోకు. నువ్వే వెళ్లి టీచర్ని అడుగు. మీరిద్దరూ అంతే."